ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ సమీక్ష: అంకెలు చేతికి వచ్చాయి, రోగ నిర్ధారణ రాలేదు

ఇంటికే వచ్చి రక్తం తీసుకుని, మరుసటి రోజుకల్లా ఎనభైకి పైగా అంశాలతో రిపోర్టును ఫోనుకు పంపే ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి. యాభై దాటిన మా అన్నయ్య కొన్ని నెలలుగా నీరసంగా ఉందంటూ అలాంటి ప్యాకేజీ ఒకటి తీసుకున్నాడు. ఆ రిపోర్టుతో కుటుంబ వైద్యురాలి దగ్గరికి వెళ్లినప్పుడు వదినతో పాటు నేనూ ఉన్నాను. నర్సింగ్ విద్యార్థులకు రోగిని ప్రశ్నించడం, పరీక్షించడం, వచ్చిన సమాచారాన్ని బట్టి ఆలోచించడం నేర్పడం నా వృత్తి కాబట్టి, ఈ సేవను వినియోగదారు కుటుంబ సభ్యురాలిగానే కాక ఆ పని తెలిసినదానిగా కూడా పరిశీలించాను. సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్క సంస్థవి కావు, ఈ తరహా సేవ అంతటా ఉన్నవే.

ముందు బాగున్నవి చెబుతాను. రక్తం తీయడానికి వచ్చిన అమ్మాయి చెప్పిన సమయానికి వచ్చింది, పేరూ వయసూ అడిగి సరిచూసుకుంది, ట్యూబుల మీద లేబుళ్లను అన్నయ్య ఎదుటే అంటించింది. ఒక్క పోటుతో పని ముగించింది. రిపోర్టు అన్న సమయానికే వచ్చింది. తరువాత వైద్యురాలు చేయించిన పరీక్షలతో పోల్చి చూస్తే, ల్యాబ్ ఇచ్చిన అంకెల్లో తప్పు పట్టవలసినది ఏమీ కనిపించలేదు. శాంపిల్ తీయడం, కొలవడం, పంపడం అనే మూడు పనులకే పరిమితమై చూస్తే ఇది మంచి సేవ.

అయితే ప్రకటనలో వాళ్లు అమ్ముతున్నది ఆ మూడు పనులు మాత్రమే కాదు. "మీ ఆరోగ్యం గురించి పూర్తి అవగాహన" అని రాశారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే నమోదు చేసుకునేటప్పుడు వాళ్లు అడిగినవి వయసు, లింగం, చిరునామా, ఫోను నంబరు మాత్రమే. ఏం ఇబ్బందిగా ఉంది, ఎప్పటి నుంచి, ఏ మందులు వాడుతున్నారు, ఇంట్లో ఎవరికి ఏ జబ్బులున్నాయి అన్న ప్రశ్న ఒక్కటి కూడా లేదు. 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆస్పత్రి ఔట్‌పేషెంట్ విభాగానికి కొత్తగా వచ్చిన 80 మంది రోగుల్లో 66 మంది విషయంలో, రోగి చెప్పిన వివరాలు, పంపిన వైద్యుని ఉత్తరం చదివాక వేసిన అంచనాయే చివరి నిర్ధారణగా నిలిచింది. శరీర పరీక్ష ఏడుగురిలో, ల్యాబ్ పరీక్షలు మరో ఏడుగురిలో అంచనాను మార్చాయి. అప్పటితో పోలిస్తే ల్యాబ్‌లు ఎంతో మెరుగుపడ్డాయి, నిష్పత్తులు కొంత మారి ఉండవచ్చు. కానీ ప్రాథమిక వైద్యంలో పనిచేసే వాళ్లెవరైనా ఆ క్రమాన్ని ఇప్పటికీ ఒప్పుకుంటారు. మాట ముందు, చేయి తరువాత, ల్యాబ్ ఆ తరువాత. ఈ ప్యాకేజీ మొదటి రెండింటినీ వదిలేసి మూడోదాన్నే పూర్తి అవగాహనగా అమ్ముతోంది.

మందుల గురించి అడగకపోవడం వల్ల అంకెలే తప్పుదోవ పట్టే సందర్భాలు కూడా ఉన్నాయి. జుట్టు కోసం, గోళ్ల కోసం చాలామంది వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని రకాల థైరాయిడ్ పరీక్షా విధానాల్లో జోక్యం చేసుకుని, థైరాయిడ్ గ్రంథిని పని చేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను ఉన్నదానికంటే తక్కువగానూ థైరాయిడ్ హార్మోన్లను ఎక్కువగానూ చూపించగలవు. లేని జబ్బు ఉన్నట్లు కనిపించడానికి అది చాలు. ఫారంలో ఒక్క వరుస చేర్చితే తప్పిపోయే ప్రమాదం ఇది.

బీపీ కూడా కొలిచారు. అన్నయ్య మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చున్న వెంటనే, చొక్కా చేతి మీదుగానే పట్టీ కట్టి, ఆయన మాట్లాడుతుండగా ఒక్కసారి చూసి 148/92 అని రాసుకున్నారు. రిపోర్టులో అది ఎర్ర అక్షరాలలో వచ్చింది. బీపీ కొలవాలంటే కనీసం ఐదు నిమిషాలు కూర్చోవాలి, వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తులో దేని మీదైనా ఆని ఉండాలి, పట్టీ చర్మానికే తగలాలి, మాటలు ఉండకూడదు, రెండు మూడు సార్లు చూసి సగటు తీసుకోవాలి. మొదటి సంవత్సరం విద్యార్థులకు నేను నేర్పే మొదటి పాఠాల్లో ఇది ఒకటి. వైద్యురాలి దగ్గర ఆ పద్ధతిలో చూసినప్పుడు 132/84 వచ్చింది. ఇంట్లో కొన్నాళ్లు ఉదయం, సాయంత్రం చూసి రాసుకురమ్మని ఆమె చెప్పారు. మందు ఊసు ఎత్తలేదు.

ఇక రిపోర్టు సంగతి. పేజీలు చాలా ఉన్నాయి, అచ్చు అందంగా ఉంది, సాధారణ పరిధి దాటిన ప్రతి అంకె పక్కనా ఎర్ర గుర్తు ఉంది. అన్నయ్య రిపోర్టులో అలాంటి గుర్తులు తొమ్మిది. ఈ సాధారణ పరిధులు ఎలా నిర్ణయిస్తారో తెలిస్తే ఆ గుర్తుల విలువ కూడా తెలుస్తుంది. ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది విలువలు ఏ హద్దుల మధ్య ఉంటాయో ఆ హద్దులనే సాధారణంగా పరిధిగా తీసుకుంటారు. అంటే ఏ జబ్బూ లేని వారిలో కూడా నూటికి ఐదుగురు ప్రతి పరీక్షలోనూ హద్దు దాటుతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, పూర్తి ఆరోగ్యవంతునికి కనీసం ఒక్క ఎర్ర గుర్తయినా వచ్చే అవకాశం 64 శాతం. నలభై చేస్తే 87 శాతం. వాస్తవంలో చాలా పరీక్షలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి లెక్క కచ్చితంగా ఇలాగే ఉండదు. అయినా పరీక్షల సంఖ్య పెరిగేకొద్దీ అర్థం లేని ఎర్ర గుర్తులు పెరగడం మాత్రం తప్పదు. ఎక్కువ అంశాలు ఉన్నాయి కాబట్టి ఎక్కువ మేలు అన్న ప్రచారం ఈ లెక్క ముందు నిలవదు.

ఆ తొమ్మిదింటిలో విటమిన్ డి కొద్దిగా తక్కువ, టీఎస్‌హెచ్ హద్దుకు కాస్త పైన, కాలేయానికి సంబంధించిన ఒక ఎంజైము స్వల్పంగా ఎక్కువ, యూరిక్ యాసిడ్ హద్దు మీద, ఇలాంటివి ఎక్కువ. వాటి మధ్యలో, అదే ఎరుపులో, అదే అక్షరాల పరిమాణంలో, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11.8 గ్రాములు, ఎర్ర రక్తకణాల సగటు పరిమాణాన్ని తెలిపే ఎంసీవీ 74 ఉన్నాయి. దాని కింద యంత్రం రాసిన వ్యాఖ్య ఇది: "స్వల్ప రక్తహీనత. ఇనుము అధికంగా ఉండే ఆహారం తీసుకోండి." నాకు ఈ సేవ మీద నిజంగా కోపం వచ్చింది ఈ వాక్యం చదివాకే. ఎందుకో చెప్పడానికి వైద్యురాలి గదిలో జరిగినది వివరంగా రాయాలి.

ఆమె రిపోర్టును చూసి, మడిచి, పక్కన పెట్టారు. "దీన్ని తరువాత చూద్దామండీ. ముందు మీకు ఏం ఇబ్బందిగా ఉందో చెప్పండి" అన్నారు. నీరసం అన్నాడు అన్నయ్య. నీరసం అంటే నిద్ర వస్తున్నట్లా, ఆయాసమా, కండరాల్లో బలం లేనట్లా, ఏ పని మీదా మనసు పోకపోవడమా అని ఆమె విడదీసి అడిగారు. అప్పుడు తేలింది, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని, అంతకుముందు ఆ మెట్లు ఆగకుండా ఎక్కేవాడని. నిద్ర గురించి, గురక గురించి వదినను అడిగారు. బరువు తగ్గారా, మలం నల్లగా వస్తోందా, మలంలో రక్తం కనిపించిందా, మలవిసర్జన అలవాటు మారిందా, కడుపులో మంట ఉందా అని ఒక్కొక్కటే అడిగారు. రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా అంటే అన్నయ్య లేవన్నాడు. ఆమె అక్కడ ఆగలేదు. "నొప్పులకు ఏమైనా వేసుకుంటారా?" అన్నారు. మోకాలి నొప్పికి అప్పుడప్పుడూ ఒక మాత్ర అన్నాడు. "అప్పుడప్పుడు కాదండీ, దాదాపు రోజూ" అంది వదిన.

మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనుక్కునే నొప్పి మాత్రలను మందుల లెక్కలో ఎవరూ చెప్పరు. అడిగే పద్ధతి తెలిసిన వాళ్లు అందుకే రెండోసారి వేరే మాటలతో అడుగుతారు. ఎనభై అంశాల రిపోర్టులో లేనిది, ఈ నిర్ధారణకు అన్నిటికంటే అవసరమైనది ఆ రెండో ప్రశ్నకు దొరికింది.

తరువాత పరీక్ష. కింది కనురెప్ప లోపలి భాగం పాలిపోయి ఉందేమో చూశారు. అది పాలిపోయి ఉంటే రక్తహీనత అనుమానం బలపడుతుంది కానీ, ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తహీనత లేదని చెప్పలేము, ఆ తేడా వైద్యులకు ఎప్పుడూ గుర్తుండాలి. నాడి, గుండె చప్పుళ్లు, చీలమండల వాపు చూసి ఆయాసానికి గుండె కారణమా అన్న ప్రశ్నకు జవాబు వెతికారు. మెడలోనూ చంకల్లోనూ గ్రంథులు, కడుపులో కాలేయం, ప్లీహం, ఏదైనా గడ్డ తగులుతోందా అని చూశారు. పైకడుపు నొక్కినప్పుడు అన్నయ్య కొద్దిగా ముఖం చిట్లించాడు. బరువు తూచి, పాత ఫైలులోని బరువుతో పోల్చారు. వీటిలో ఏ ఒక్కటీ అలవాటుగా చేసినది కాదు. ప్రతి స్పర్శ వెనుకా మనసులో ఉన్న ఒక అనుమానం, దాన్ని బలపరచాలా తీసివేయాలా అన్న ప్రశ్న ఉన్నాయి. నేను ఏళ్లుగా తరగతి గదిలో చెప్పే విషయం అంత సాఫీగా జరుగుతుంటే చూడడం సంతోషంగా అనిపించింది.

అప్పుడు రిపోర్టు తెరిచారు. పురుషులలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 13 గ్రాముల కంటే తక్కువ ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని రక్తహీనతగా లెక్కిస్తుంది, కాబట్టి ఇది రక్తహీనతే. కణాలు చిన్నవిగా ఉన్నాయి కనుక మొదట గుర్తుకు రావలసినవి ఇనుము లోపం, పుట్టుకతో వచ్చే తలసీమియా లక్షణం, దీర్ఘకాలపు వాపు జబ్బులు. ఆమె పాత ఫైలు తిరగేశారు. కొన్నేళ్ల కిందటి రిపోర్టులో ఎంసీవీ 88 ఉంది. తలసీమియా లక్షణం పుట్టుకతో ఉండేది కాబట్టి, అది ఉంటే అప్పుడు కూడా కణాలు చిన్నవిగానే ఉండాలి. ఒక్క పాత అంకెతో ఒక అనుమానం తొలగిపోయింది. ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ పరీక్ష ప్యాకేజీలో లేదు. దానికి బదులు సీరమ్ ఐరన్ ఉంది. సీరమ్ ఐరన్ ఒకే రోజులో కూడా హెచ్చుతగ్గులకు లోనవుతుంది, నిల్వల గురించి నమ్మకంగా చెప్పదు. అన్ని అంశాలు ఉన్న ప్యాకేజీలో కావలసిన ఒక్కటీ లేకపోవడం నాకు వింతగా అనిపించలేదు. ప్రశ్న తెలియకుండా పరీక్షల జాబితా తయారుచేస్తే జరిగేది అదే. ఆమె ఫెరిటిన్ విడిగా రాశారు. లీటరుకు 9 మైక్రోగ్రాములు వచ్చింది. ఇనుము లోపం ఖాయమైంది.

యంత్రం అయితే ఇక్కడే ఆగి, ఇనుము తినమంది. వైద్యురాలి ఆలోచన ఇక్కడి నుంచే మొదలైంది. వయసు మళ్లిన పురుషుడిలో ఇనుము లోపం అంటే, వేరే కారణం రుజువయ్యేదాకా జీర్ణాశయంలోనో పేగుల్లోనో ఎక్కడో రక్తం పోతోందని భావించి వెతకాలి. జీర్ణాశయపు లోపలి పొరను దెబ్బతీయగల నొప్పి మాత్రలు, పైకడుపు నొప్పి కలిపి చూస్తే జీర్ణాశయంలో పుండు ఉండే అవకాశం ఎక్కువ. కానీ దొరికిన మొదటి కారణంతో సరిపెట్టుకోవడం రోగ నిర్ధారణలో అతి సాధారణంగా జరిగే పొరపాటని, ఈ వయసులో పెద్దపేగు క్యాన్సర్ కూడా ఇలాగే, నొప్పి లేకుండా, నీరసంతో బయటపడగలదని ఆమె అన్నయ్యకు నెమ్మదిగా చెప్పి, గొట్టం కెమెరాతో జీర్ణాశయాన్ని చూసే ఎండోస్కోపీ, పెద్దపేగును చూసే కొలనోస్కోపీ రెండింటికీ పంపారు. పెద్దపేగు శుభ్రంగా ఉంది. జీర్ణాశయంలో పుండు ఉంది, అలాంటి పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా కూడా ఉంది. నొప్పి మాత్రలు మానిపించి, బ్యాక్టీరియాకు మందులు, ఇనుము మాత్రలు ఇచ్చారు. మలం నల్లబడినా, కళ్లు తిరిగినా, రక్తపు వాంతి అయినా ఎవరికీ ఫోను చేయకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలని, ఇనుము మాత్రల వల్ల మలం ముదురు రంగులో రావడం మామూలేనని, అయితే తారులా జిగటగా వస్తే అది వేరని విడమరిచి చెప్పారు.

యంత్రం చెప్పినట్లు ఇనుము మాత్రమే తీసుకుని ఉంటే హిమోగ్లోబిన్ కొంత పెరిగేది, నీరసం తగ్గేది, పుండు అలాగే ఉండేది. తరువాతి ఏడాది ప్యాకేజీలో ఆ వరుస ఆకుపచ్చగా వచ్చేది. ఈ సేవలో నాకు కనిపించిన అతి పెద్ద ప్రమాదం ఇది. అంకెను సరిచేస్తే జబ్బు నయమైనట్లేనన్న నమ్మకాన్ని ఆ వ్యాఖ్యలు కలిగిస్తున్నాయి.

ప్యాకేజీతో పాటు ఉచితంగా ఇచ్చిన ఫోను సంప్రదింపు గురించి ఎక్కువ రాయవలసినది లేదు. మాట్లాడిన వైద్యుడు మర్యాదగానే మాట్లాడాడు, కానీ ఎర్ర గుర్తులను వరుసగా చదివి ఒక్కోదానికి ఒక్కో మాత్ర సూచించాడు. రోగిని చూడకుండా, పాత ఫైలు లేకుండా, ఆ కాస్త సమయంలో ఎవరైనా అంతకంటే చేయగలిగేది కూడా తక్కువే.

కొన్ని ప్యాకేజీలలో ట్యూమర్ మార్కర్లు అనే క్యాన్సర్ సూచికలు కూడా చేరుస్తున్నారు. వీటి విషయంలో గట్టిగా చెప్పవలసి ఉంది. వెయ్యి మందిలో ఒకరికి ఉన్న జబ్బు కోసం, జబ్బున్న వారిలో 95 శాతం మందిని పట్టుకుని, లేని వారిలో 95 శాతం మందిని సరిగ్గా వదిలేసే మంచి పరీక్షనే చేశామనుకుందాం. పాజిటివ్ వచ్చిన సుమారు యాభై ఒక్క మందిలో నిజంగా జబ్బున్నది ఒక్కరికే. అదే పరీక్షను, లక్షణాలను బట్టి ఐదుగురిలో ఒకరికి జబ్బు ఉండవచ్చని వైద్యుడు అంచనా వేసిన వెయ్యి మందికి చేస్తే, పాజిటివ్ వచ్చిన 230 మందిలో 190 మందికి నిజంగానే ఉంటుంది. పరీక్ష మారలేదు, ల్యాబ్ మారలేదు. పరీక్షకు ముందు ఎవరిని ఎంచుకున్నామన్నదే మారింది. ట్యూమర్ మార్కర్లు చాలావరకు అంత మంచి పరీక్షలు కూడా కావు. ఉదాహరణకు సీఈఏ అనే సూచిక పొగ తాగేవారిలో క్యాన్సర్ లేకుండానే పెరుగుతుంది. క్యాన్సర్ ఉన్నవారిలో చికిత్స ఎలా పనిచేస్తోందో చూడడానికి ప్రధానంగా ఉపయోగపడే పరీక్షను, ఏ లక్షణమూ లేనివారికి అమ్మడం నాకు సమ్మతం కాదు.

ఏ ఇబ్బందీ లేనివారికి ఇలాంటి సాధారణ చెకప్‌లు ఆయుర్దాయం పెంచుతాయా అన్నదాన్ని, వైద్య పరిశోధనలను క్రోడీకరించి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2019లో పరిశీలించింది. 17 ట్రయల్స్, రెండున్నర లక్షలకు పైగా మనుషులు. మొత్తం మరణాలలోగానీ, క్యాన్సర్ మరణాలలోగానీ తగ్గుదల కనిపించలేదు. దీని అర్థం ముందస్తు పరీక్షలన్నీ వృథా అని కాదు. పెద్దలందరికీ బీపీ చూడడం, ముప్పు ఉన్నవారికి మధుమేహ పరీక్ష, తగిన వయసులో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కూ పెద్దపేగు క్యాన్సర్‌కూ స్క్రీనింగ్ వంటి వాటికి గట్టి ఆధారాలున్నాయి. విచిత్రమేమిటంటే, అన్నయ్య వయసుకు నిజంగా ఉపయోగపడే పెద్దపేగు స్క్రీనింగ్ ప్రస్తావన ఆ పేజీలన్నిటిలో ఎక్కడా లేదు. స్క్రీనింగ్‌కు ఏ జబ్బు తగినదో తేల్చే సూత్రాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లోనే ప్రచురించింది. జబ్బు ముఖ్యమైనదై ఉండాలి, దానికి అంగీకరించిన చికిత్స ఉండాలి, ఎవరికి చికిత్స చేయాలో ముందే స్పష్టత ఉండాలి అన్నవి వాటిలో కొన్ని. ప్యాకేజీలోని ప్రతి అంశాన్నీ ఈ మూడింటితో తూచినా చాలా వరుసలు ఎగిరిపోతాయి.

కాబట్టి నా అభిప్రాయం ఇలా ఉంది. వైద్యుడు రాసిన పరీక్షలను ఇంటి నుంచే చేయించుకోవడానికి, ముఖ్యంగా నడవలేని పెద్దవారికి, ఈ సేవను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. మధుమేహం, కిడ్నీ జబ్బు వంటివి ఉండి క్రమం తప్పక కొన్ని అంకెలు చూసుకోవలసిన వారికి కూడా సౌకర్యమే. శరీరంలో ఏదో ఒక ఇబ్బంది మొదలై, దానికి కారణం తెలుసుకుందామని ప్యాకేజీ కొనాలనుకునేవారు మాత్రం కొనవద్దు. ముందు మిమ్మల్ని తెలిసిన ఒక ప్రాథమిక వైద్యుని దగ్గర కూర్చోండి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ, చీటీ లేకుండా కొన్న మాత్రలతో సహా వాడుతున్న మందులన్నీ, వీలైతే ఇంట్లో మిమ్మల్ని రోజూ చూసే మనిషినీ వెంట తీసుకువెళ్లండి.

సంస్థకు నేను రాసి పంపిన సూచనలు నాలుగు. నమోదు ఫారంలో లక్షణాలు, మందులు అడగండి. బీపీని పద్ధతి ప్రకారం కొలవండి, లేదా కొలవకండి. హద్దు కొద్దిగా దాటిన విటమిన్‌కూ, పురుషుడిలో కొత్తగా వచ్చిన రక్తహీనతకూ ఒకే రంగు వాడకండి, వెంటనే వైద్యుని చూడవలసినవాటిని మొదటి పేజీ పైభాగానికి తీసుకురండి. చికిత్స సలహా ఇచ్చే యంత్ర వ్యాఖ్యలు తీసివేయండి. అందిందని జవాబు వచ్చింది, మార్పులు ఇంకా కనిపించలేదు.

టీఎస్‌హెచ్ సంగతి మిగిలింది. హద్దుకు కొంచెం పైన ఉన్న విలువ చాలాసార్లు దానంతట అదే సర్దుకుంటుందని, రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చూడవచ్చని వైద్యురాలు అన్నారు. ఆమె ఇచ్చిన తదుపరి చీటీలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్, ఈ మూడే ఉన్నాయి. ఆ మూడింటినీ మళ్లీ ఈ సంస్థతోనే చేయించాము. శాంపిల్ సమయానికి తీసుకున్నారు, రిపోర్టు సమయానికి వచ్చింది, టీఎస్‌హెచ్ హద్దుల్లోకి దిగింది, హిమోగ్లోబిన్ 13.4కు చేరింది. ఫెరిటిన్ ఇంకా పెరగవలసి ఉంది కాబట్టి ఇనుము మాత్రలు మరికొన్ని నెలలు కొనసాగించమన్నారు.